ఉత్తరేణిలో లేనిది

మా ఇంట్లో రసాయనశాస్త్రం నా భార్యది, లెక్కలు నావి. ఆమె చదువుకుని నేర్చుకుంది. నేను చెబుతూ నేర్చుకున్నాను. బీకాం అయిందనిపించి, గ్రూప్స్ రాద్దామని పాలమూరు నుంచి అశోక్ నగర్ వచ్చినవాణ్ణి. హాస్టల్లో పక్క మంచం వాళ్లకు పడవలూ ప్రవాహాలూ అర్థం కాకపోతే కాగితం మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. వాళ్లు డిప్యూటీ తాసిల్దార్లై వెళ్లిపోయారు. నాకు ఉద్యోగం రాలేదు, పరీక్ష రాసే వయసూ దాటింది. చెప్పడం మాత్రం మిగిలింది. ఇప్పటికీ అదే వీధిలో, ఒక కోచింగ్ సెంటర్లో, నీళ్ల తొట్లు నింపుతూ ఖాళీ చేస్తూ, రైళ్లను ఎదురెదురుగా నడిపిస్తూ ఉన్నాను.

నా భార్య నారాయణగూడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ విభాగం పెద్ద. ఆమె డాక్టరేటు ఆర్గానిక్ కెమిస్ట్రీలో. మొక్కల్లో ఏ పదార్థాలున్నాయో విడదీసి, వాటి నిర్మాణం కనుక్కోవడం ఆమె పని. మేముండేది చిక్కడపల్లిలో, మెట్రో లైనుకు వెనక సందులో, కిరాయి ఇంట్లో. పొద్దున ఆమె అటు నడుస్తుంది, నేను ఇటు నడుస్తాను.

కాలేజీ వాళ్లు ఏటా ప్రతి అధ్యాపకుడి పరిశోధన ప్రభావం ఎంతో అంకెల్లో ఇమ్మని అడగడం మొదలుపెట్టాక, ఆ పని నా మీద పడింది.

"మీకెలాగూ లెక్కలంటే సరదా కదా, ఇదీ చూసిపెట్టండి" అంది నా భార్య.

చూశాను. ఒకరి పేపరును ఇంకొకరు తమ పేపర్లో ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. అవి ఎన్నో లెక్కపెట్టాలి. దానిపైన హెచ్ ఇండెక్స్ అని ఇంకో అంకె ఉంటుంది. ఒకరికి అది పది అంటే, కనీసం పదేసి సార్లు ఇతరులు ప్రస్తావించిన పేపర్లు పది ఉన్నాయని అర్థం. ఇందులో నాకు అందని లెక్కేమీ లేదు. ఒకే పేపరు రెండుచోట్ల రెండు రకాలుగా నమోదై ఉంటే కలపడం, ఒకే ఇంటిపేరున్న ఇద్దరు మనుషులు కలిసిపోయి ఉంటే విడదీయడం, అంతే. ఆమె సహోద్యోగులు తమవి కూడా చూసిపెట్టమన్నారు. తర్వాత ఆమె గైడ్ దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఒకే గైడ్ దగ్గర చేసినవాళ్లు ఒకే తల్లి పిల్లల్లాగా ఉంటారు. వాళ్లందరికీ ఆమె అక్కయ్య కాబట్టి నేను బావనైపోయాను.

అలాంటి బామ్మర్దుల్లో ఒకడు నిరుడు వానాకాలంలో అశోక్ నగర్లో టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకున్నాడు. మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగం అతనిది. మాట మాత్రం గల్లీ మాటే.

"బావా, సార్‌కి ఎనభై నిండుతున్నయ్. మేమందరం కలిసి సన్మానం చేస్తున్నం. సంచిక ఏస్తున్నం. అండ్ల సార్ రీసెర్చి ఇంపాక్ట్ ఒక్క పేజీ నువ్వు రాయాలె."

"నేనేంది? మీరంత డాక్టర్లు కద."

"మేం రాస్తే పొగుడుతం. నువ్వైతే లెక్క చెప్తవ్. జర గట్టిగ కనపడాలె బావా, మన సార్‌ది."

"లెక్క ఎంతుంటె అంతే కనపడ్తది."

"అదే, అదే. ఉన్నదే చాన ఉంది. ఉత్తరేణి పేపర్ ఒక్కటి చాలదా?"

చాలుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు. సార్ జీవితమంతా రాసిన పేపర్ల సైటేషన్లలో దాదాపు మూడోవంతు ఆ ఒక్కదానివే. దాని మీద రెండే పేర్లుంటాయి. మొదటిది నా భార్యది, రెండోది సార్‌ది.

ఆ పేపరు ఆమె పీహెచ్‌డీ రోజుల నాటిది. ఉత్తరేణి వేర్లు తవ్వి తెచ్చి, ఎండబెట్టి, పొడి చేసి, రోజుల తరబడి ద్రావకంలో నానబెట్టింది. ఆ ద్రావకాన్ని ఆవిరి చేస్తే అడుగున జిగురు మిగులుతుంది. తెల్లటి సిలికా పొడి నింపిన గాజు గొట్టంలో ఆ జిగురును పైనుంచి మెల్లగా కడుగుతూ దిగనిస్తే, అందులోని పదార్థాలు ఒకటి ముందు ఒకటి వెనక విడివడి కిందికి వస్తాయి. అలా ఆమెకు లేత పసుపు రంగు నూనె ఒకటి దొరికింది. యంత్రాల్లో పెట్టి చూస్తే అది తెలిసిన పదార్థమే. ప్లాస్టిక్ పెళుసుగా విరగకుండా మెత్తగా వంగడానికి ఫ్యాక్టరీల్లో కలిపే నూనె. ఆమె అప్పుడే సార్‌ను అడిగిందట, ఇది మొక్కలో ఎలా ఉంటుందని.

"ఫ్యాక్టరీలో తయారయ్యేది మొక్కలో తయారవకూడదని ఏమైనా రూలుందా అమ్మాయ్?" అన్నారట సార్.

రూలు లేదు. ఆ నూనె కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపుతోందని కూడా తేలింది. ఉత్తరేణి తనంతట తాను ఈ నూనెను తయారుచేసుకుంటుందని పేపరు రాశారు. మా పెళ్లైన కొత్తలో అది అచ్చయింది. ఆమె ఆ పత్రిక ప్రతిని దిండు పక్కన పెట్టుకుని పడుకోవడం నాకు గుర్తుంది.

తర్వాత దేశంలోనూ బయటా చాలామందికి తమ తమ మొక్కల్లో అదే నూనె దొరికింది. దొరికిన ప్రతివాళ్లూ, ఇది మొక్కల్లో ఉంటుందని ముందే తేల్చినవాళ్లున్నారు చూడండి అని ఈ పేపరును ప్రస్తావించారు. సైటేషన్లు అలా పెరిగాయి. ఏటా నేను కూడి చెప్పేవాణ్ణి. ఆమె సంతోషంగా వినేది.

నేను సార్ పేజీ మొదలుపెట్టిన వారంలోనే ఒక సాయంత్రం ఆమె కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"ఏమైంది? గట్ల కూసున్నవేంది?"

"మునగపువ్వులో కూడా వచ్చిందండీ."

"ఏంది వచ్చింది?"

"ఆ నూనె."

ఎంఎస్సీ పిల్లల ప్రాజెక్టులో ముందటేడు తిప్పతీగలో వచ్చింది. అంతకుముందు వావిలాకులో వచ్చింది. ఈసారి మునగపువ్వు. ఒకదానికొకటి చుట్టరికం లేని మూడు మొక్కలు. మూడింటికీ కామన్‌గా ఉన్నది ఆమె ల్యాబే.

"ఆదివారం ల్యాబుకి వస్తారా?" అంది. "ఒక్కదాన్నే చేయకూడదు. రూలు."

ద్రావకాలు మండే సరుకు కాబట్టి ల్యాబులో ఎవరూ ఒంటరిగా పనిచేయకూడదు, పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఆ ఇంకో మనిషిగా వెళ్లాను. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఆదివారం కూరగాయల సందడి, కాలేజీలో మాత్రం వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. ఆమె తెల్లకోటు వేసుకుంది. నన్నొక స్టూలు మీద కూర్చోబెట్టి, ఏదీ ముట్టుకోవద్దంది.

ఆమె చేసింది నాకర్థమైనంతలో ఇది. మొక్క లేకుండా మొక్కకు చేసేదంతా చేసింది. డ్రమ్ములోంచి మెత్తటి పారదర్శకమైన పైపుతో తెల్ల ప్లాస్టిక్ క్యాన్లోకి పట్టుకున్న ద్రావకాన్ని, వట్టిదాన్నే, యంత్రంలో తిప్పుతూ ఆవిరి చేసింది. పక్కన అదే ద్రావకాన్ని గాజు పాత్రల్లో మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టుకుని, దాన్నీ అలాగే ఆవిరి చేసింది. రెండు ఫ్లాస్కుల్లోనూ ఏమీ మిగలకూడదు. ద్రావకం అంటే పూర్తిగా ఎగిరిపోవాలి.

గాజుది పూర్తిగా ఎగిరిపోయింది. క్యాన్‌ది పోలేదు. ఫ్లాస్కును కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే, అడుగున పలుచగా నూనె పొర.

సిలికా పూసిన చిన్న ప్లేటు మీద మూడు చుక్కలు పెట్టింది. ఒకటి పాత ఉత్తరేణి నూనె, అదింకా చిన్న సీసాలో దాచి ఉంచుకుంది. రెండోది క్యాన్‌లో మిగిలింది. మూడోది గాజు ఫ్లాస్కును కడిగిన నీరులాంటి ద్రవం. ప్లేటును నిలబెట్టి కొసను ద్రావకంలో ముంచితే, చుక్కలు దానితోపాటు పైకి పాకుతాయి. ఒక్కో పదార్థం ఒక్కో ఎత్తులో ఆగుతుంది. తర్వాత దాన్ని అయొడిన్ గింజలున్న మూత సీసాలో పెట్టింది. రెండు గోధుమరంగు మచ్చలు మెల్లగా తేలాయి. మూడోదాని దారిలో ఏమీ లేదు. అయొడిన్ మచ్చ కాసేపటికి మాయమైపోతుంది కాబట్టి వాళ్లు వెంటనే పెన్సిల్‌తో చుట్టూ గీత గీస్తారు. ఆమె గీసి, ప్లేటు నా చేతికిచ్చింది.

"కొలవండి."

స్కేలు పెట్టాను. మచ్చ ఎత్తును ద్రావకం ఎత్తుతో భాగించాలి. రెండూ ఒకటే వచ్చాయి. ఇంకోసారి కొలిచాను. అవసరం లేదు గానీ కొలిచాను.

"సమానం" అన్నాను.

ఆమె కోటు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టింది. "ఇన్నేళ్లూ నేను చదివింది ఉత్తరేణిని కాదండీ. క్యాన్‌ని" అంది.

ఇంటికి నడుస్తున్నాం. చిక్కడపల్లి మలుపు దగ్గర ఆగి, "ఆ పేపర్ వెనక్కి తీసుకోవాలి" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ ఒక్క మాటే.

వెనక్కి తీసుకోవడానికి పద్ధతి ఉంది. పేపరు మీద పేరున్న వాళ్లందరూ సంతకం చేసి పత్రికకు రాయాలి. అందరూ అంటే ఇద్దరే. ఆ ఇద్దరిలో రెండోవారికి నెలరోజుల్లో సన్మానం. ఆ సన్మానానికి అంకె కట్టేది నేను.

సార్ ఇల్లు హిమాయత్‌నగర్ లోపలి వీధిలో ఉంది. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. మేం వెళ్లేసరికి ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. అప్పటికే చేతులు కొంచెం వణుకుతున్నాయి.

"రండి రండి లెక్కల మాస్టారూ. నన్నెంతకు తేల్చారు?"

"ఇంకా కూడుతున్నాను సార్."

"తీసివేతలేమీ పెట్టుకోకండి ఈ వయసులో" అని నవ్వారు. కాఫీ వచ్చింది. నా భార్య గ్లాసు ముట్టుకోకుండా సంచిలోంచి ప్లేటు తీసి ఆయన చేతిలో పెట్టి, ఆదివారం చేసిందంతా చెప్పింది. ఆమె చెబుతున్నంతసేపూ ఆయన ప్లేటును వెలుగుకు అటూ ఇటూ తిప్పి చూశారు.

"పెన్సిల్ గీతలు తప్ప ఇందులో ఏమీ లేదు కదమ్మా."

"అయొడిన్ ఎగిరిపోయింది సార్. మీకు తెలియనిదా?"

"ఒక్కసారి చేశావు."

"మళ్లీ చేస్తాను సార్. ఎన్నిసార్లు చేసినా అదే వస్తుంది."

"మనం గాజు సీసాల్లోనే పట్టేవాళ్లం అప్పట్లో."

"క్యాన్లు సార్. తెల్లవి. సీసాలు పగిలిపోతున్నాయని మీరే తెప్పించారు."

ఆయన ప్లేటును బల్ల మీద పెట్టారు. వీధిలో ఎవడో పాత ఇనుము కొంటామని అరుచుకుంటూ పోయాడు.

"సన్మానం అవనీ" అన్నారు చివరికి. "హాలు మాట్లాడేశారు. మా అక్కయ్య కాకినాడ నుంచి వస్తోంది. అయ్యాక కూర్చుందాం."

"అలాగే సార్" అంది నా భార్య. ఆయన ముందు ఆమె ఇంకో మాట అనగా నేనెప్పుడూ వినలేదు.

బయటికి వచ్చాక అడిగాను, "మరి పేజీల ఏం రాయాలె నేను?"

"నన్నడగకండి" అంది.

ఆ పేపరును కలిపి ఒకసారి కూడి చూశాను, తీసేసి ఒకసారి కూడి చూశాను. కలిపితే వచ్చిన అంకె అబద్ధం కాదు. అందులో ప్రతి సైటేషనూ ఉన్నదే, అచ్చయిందే, నేను ఒక్కొక్కటీ తెరిచి చూసినదే. తీసేస్తే, ఎందుకు తీసేశావని అడిగినవాళ్లకు చెప్పే హక్కు నాకు లేదు. తొట్టి లెక్కలో అడుగున చిల్లు ఉందని ప్రశ్నలోనే రాసి ఉంటుంది. ఇక్కడ చిల్లు సంగతి తెలిసింది మా ముగ్గురికే. మొదట తీసేసిన పేజీనే పంపించాను. గంట గడవకముందే బామ్మర్ది ఫోన్.

"ఏం బావా, ఉత్తరేణి యాడపోయింది? పెండ్లికొడుకును ఇడిచిపెట్టి బరాత్ తీస్తున్నవా?"

"చూస్తా. మల్ల పంపిస్త."

ఫోన్ పెట్టేసరికి నా భార్య కూర తరుగుతోంది. తల ఎత్తలేదు. "కలిపేయండి. వాళ్లడిగింది లెక్కేగా" అంది.

కలిపి పంపాను.

చిక్కడపల్లిలో సభలు జరిగే హాల్లో సన్మానం బాగా జరిగింది. శాలువాలు, పూలదండలు. కాకినాడ అక్కయ్యగారు ముందు వరసలో కూర్చుని, తమ్ముడు చిన్నప్పుడు ఇంట్లో సున్నపు నీళ్లతో చేసిన అల్లరి పక్కవాళ్లకు చెబుతున్నారు. బామ్మర్ది నా పేజీ చదివాడు. మొత్తం అంకె చెప్పినప్పుడు ఆగి, మళ్లీ ఇంకోసారి చెప్పాడు. హాలు చప్పట్లతో మోగింది. వేదిక మీద సార్ కళ్లు మా వరసను వెతుక్కున్నాయి. నా భార్య చప్పట్లు కొడుతోంది. అందరూ ఆపాక కూడా కాసేపు కొట్టింది. తలుపు దగ్గరి మనుషుల వల్ల వెంటనే బయటికి రాలేకపోయాం. ఆ గుంపులో ఇరుక్కుని నిలబడి ఉండగా ఎవరో నా భుజం తట్టి, అంకె అదిరిందన్నారు.

అయ్యాక కూర్చుందామన్న సార్ తర్వాత రెండుసార్లు వెళ్లినా కూర్చోలేదు. ఒకసారి నీరసమన్నారు. రెండోసారి సంతకం కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"చూడమ్మా, నేను పోయాక నీ ఇష్టం వచ్చింది చేసుకో. నేనుండగా నా చేత్తో నా పేరు కొట్టేయించకు."

"పేరు కాదు సార్, పేపరు."

"నాకు రెండూ ఒకటే."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంటికొచ్చాక అంతవరకూ నేను చూడని కోపం చూశాను. స్టీలు డబ్బాలన్నీ దించి, వంటింటి అరలు కడిగింది. కాగితం మీద సార్ సంతకం లేనిదే పేపరు వెనక్కి రాదు, ఆ పేపరు ఉన్నంతకాలం ఎవరో ఒకరు ఎక్కడో దాన్ని నమ్మి పిల్లలచేత థీసిస్‌లు రాయిస్తూనే ఉంటారు.

"నువ్వొక్కదానివే రాయలేవా? నీ పేరు మీద?" అన్నాను.

అప్పటికే అదే ఆలోచనలో ఉందనుకుంటాను. వారంలో చిన్న వ్యాసం ఒకటి తయారుచేసింది. ఉత్తరేణిలో దొరికిందని మేం చెప్పిన నూనె ప్లాస్టిక్ నుంచి వచ్చింది, మొక్క నుంచి కాదు, అని. పంపే ముందు సార్‌కు చూపించకుండా పంపనంది. నాకు నచ్చలేదు. అయినా వెంట వెళ్లాను.

ఆయన ఎర్ర పెన్ను అడిగి తెప్పించుకున్నారు. మొదటి పేజీ నుంచి దిద్దడం మొదలుపెట్టారు. ఒక వాక్యం పొడవుగా ఉందని రెండు చేశారు. పైపు ఏ రకమో, ద్రావకం అందులో ఎంతసేపు ఉందో రాయలేదని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. పాత పేపరు తప్పని చెప్పే చోట నా భార్య మెత్తగా "కావచ్చు" అని రాసింది. దాన్ని కొట్టేశారు. చివరి పేజీ దగ్గర ఆగారు.

"ఇది చాలదు."

"ఏది సార్?"

"క్యాన్‌లో నూనె ఉందని చూపించావు. బాగుంది. ఉత్తరేణిలో లేదని ఎక్కడ చూపించావు? రెండింట్లోనూ ఉండొచ్చుగా?"

ఆమె చివరి పేజీని తన వైపు తిప్పుకుని చూసింది.

"తాజాగా వేర్లు తీసుకో. మొదటి నుంచి చివరిదాకా గాజు. ప్లాస్టిక్ గాలి కూడా సోకకూడదు. అప్పుడు రాకపోతే, అప్పుడు రాయి. లేకపోతే నీ వ్యాసమూ నా పేపర్లాంటిదే అవుతుంది." పెన్ను మూత పెట్టారు. "చేతికి గ్లోవ్స్ కూడా వద్దు. వాటిలోనూ ఉంటుంది."

"మీరు కూడా పేరు పెట్టండి సార్" అంది. "ఇంత దిద్దాక..."

"దిద్దడం నా పని. ఇక వెళ్లిరా."

మా పాలమూరు వైపు పొలం గట్ల మీద ఉత్తరేణికి కొదవలేదు. మా తమ్ముడు తవ్వి గోనెసంచిలో పంపిస్తానన్నాడు. సంచి నైలాన్‌ది కాదు కదా అని నా భార్య ఫోన్లో మూడుసార్లు అడిగింది.

"వదినా, మట్టి కుండల పెట్టి నెత్తి మీద మోసుకొస్త, సరేనా?" అన్నాడు వాడు. నిజంగానే కుండలో పెట్టుకుని బస్సులో వచ్చాడు. కండక్టర్ టికెట్ కొట్టాలా వద్దా అని కుండలోకి తొంగి చూశాడట.

ఆ ప్రయోగానికి కొన్ని ఆదివారాలు పట్టాయి. నేను అదే స్టూలు మీద కూర్చునేవాణ్ణి. గాజు సీసా, గాజు మూత, గాజు గరాటు. చివరికి వచ్చిన జిగురును విడదీసి ప్లేటు మీద చుక్క పెడితే, నూనె ఆగాల్సిన ఎత్తులో ఏమీ తేలలేదు. ఆమె అయొడిన్ సీసాలో ఇంకాసేపు ఉంచి చూసింది. ఖాళీ. ఆ ఖాళీ చుట్టూ గీయడానికి ఏమీ లేక పెన్సిల్ పట్టుకుని అలాగే నిలబడింది.

వ్యాసం అచ్చయింది. పాత పేపరు వచ్చిన పత్రికలో కాదు, ఇంకోదానిలో. రచయిత పేరు ఒక్కటే.

తర్వాతి నెల అలవాటు కొద్దీ లెక్క చూశాను. ఉత్తరేణి పేపరుకు ఒకటి పెరిగింది. పెంచింది నా భార్యే. ఒక పేపరును తప్పని చెప్పాలన్నా దాన్ని ప్రస్తావించాలి. ప్రస్తావిస్తే సైటేషనే. పొగిడిందా తెగిడిందా అని ఆ లెక్క చూడదు. చెబితే ఆమె నవ్వింది. చాలా రోజులకు నవ్వింది.

ఆమె వ్యాసానికి మొదటి సైటేషన్ వచ్చినప్పుడు మాత్రం నవ్వలేదు. ఎక్కడో ఒక యూనివర్సిటీలో ఎవరో ఒక తీగ ఆకుల్లో అదే నూనె కనుక్కున్నారు. ఈ నూనె మొక్కల్లో సహజంగా ఉంటుందని ఇంతకుముందే తేల్చారు, అని రాసి, ఆధారంగా రెండు పేపర్లు చూపించారు. ఒకటి పాతది. రెండోది ఆమె వ్యాసం. శీర్షికలో ఉత్తరేణి పేరూ నూనె పేరూ కనిపించాయి కాబట్టి తీసుకుని ఉంటారు. లోపల చదవలేదు.

ఆమె తెర వైపు చూస్తూ, "నేను లేదన్నదాన్ని ఉందనడానికి వాడుకున్నారు" అంది. "ఇంక నేనేం రాసినా ఇందులోకే వస్తుంది కదండీ?"

వెనక్కి తీసుకుంటే తప్ప, ఆ పేపరు మీద అడ్డంగా రద్దు అన్న ముద్ర పడితే తప్ప, ఇది ఆగదు. దానికి సంతకం కావాలి.

ఆ ఆదివారం సార్ నాకు ఫోన్ చేశారు. సన్మానం తర్వాత ఆయనకదొక అలవాటైంది. నెలకోసారి అంకె అడుగుతారు, అమ్మాయిని కాదు, నన్ను.

"లెక్కల మాస్టారూ, ఎక్కడిదాకా వచ్చింది?"

చెప్పాను.

"పెరిగిందే. అందులో అమ్మాయిదీ ఉందా?"

"ఉంది సార్. ఇంకొకటి కూడా ఉంది." ఆ తీగ పేపరు సంగతి, అందులో రెండు పేపర్లనూ పక్కపక్కన పెట్టిన సంగతి చెప్పాను.

అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"గాజులో చేసిన సంగతి మూడో పేజీలో ఉంది. పేరాగ్రాఫ్ మొదట్లోనే" అన్నారు. "ఇంకెక్కడ రాయాలట అది? నెత్తి మీదా?"

"చదవలేదు సార్ వాళ్లు."

"అమ్మాయి చూసిందా?"

"చూసింది."

"ఏమంది?"

ఆమె అన్నమాట అలాగే చెప్పాను. ఇంకేం రాసినా ఇందులోకే వస్తుంది కదా అన్నది.

కాగితాలు పక్కన పడేసిన చప్పుడైంది. తర్వాత, "ఆ కాగితం ఉందా, చింపేసిందా?" అన్నారు.

"ఉంది సార్."

"తీసుకురమ్మనండి. భోజనానికి రండి ఇద్దరూ."

వెళ్లాం. వంకాయ కూర, పప్పు, మజ్జిగ. భోజనమయ్యాక చేయి కడుక్కుని వచ్చి, బల్ల ముందు కూర్చున్నారు. కాగితం మొత్తం చదివారు. ఒకచోట కామా పెట్టారు. సంతకం చేసేటప్పుడు చేయి వణికి ఇంటిపేరు మొదటి అక్షరం రెండుసార్లు పడింది.

"బ్యాంకు వాళ్లైతే ఒప్పుకోరు ఇది" అన్నారు.

"మళ్లీ చేస్తారా సార్?" అని అడిగింది నా భార్య, ఇంకో ప్రతి తీస్తూ.

"వద్దు. మళ్లీ అయితే చేయనేమో."

ఆమె వంగి ఆయన పాదాలకు దండం పెట్టింది. ఆయన ఆమె తల మీద చేయి పెట్టి, తీయడం మరిచిపోయినవాడిలా కాసేపు అలాగే ఉంచారు.

ఆ సాయంత్రమే పంపించింది. ఈమధ్యలో ఆ పత్రిక చేతులు మారింది. పాత సంపాదకులెవరూ లేరు. మీ అభ్యర్థన అందింది, పరిశీలనలో ఉంది అని యంత్రం రాసినట్టున్న జవాబు వచ్చింది. నెల తర్వాత మళ్లీ రాసింది, మళ్లీ అదే జవాబు. రెండో రచయిత సంతకం పాత సంతకంతో సరిపోలడం లేదు, ధ్రువీకరించండి అని ఒకసారి వచ్చింది. సార్ కూర్చుని వీడియోలో మాట్లాడి పంపించారు. అదీ పరిశీలనలోనే ఉంది.

నా భార్య ల్యాబులో ఇప్పుడు ప్లాస్టిక్ క్యాన్లు లేవు. పైపులు తీసేయించింది. ఎంఎస్సీ పిల్లలు గాజు సీసాలు పగలగొడుతున్నారని కాలేజీ వాళ్లు సణుగుతున్నారు. ఈ ఏడాది వాళ్లకు ఏ మొక్కలోనూ నూనె దొరకలేదు. ప్రాజెక్టులో ఏం రాయాలి మేడం అని అడుగుతున్నారట. దొరకలేదని రాయండి అంటోందట.

సార్ నెలకోసారి ఫోన్ చేయడం మానలేదు. ప్రశ్న మాత్రం మారింది. అంకె ఎంతైంది అని కాదు, ఆగిందా అని అడుగుతారు.

ఇవాళ పొద్దున క్లాసుకు బయలుదేరే ముందు చూశాను. ఇంకొకటి పెరిగింది.